తపాలా ద్వారా యోగపాఠాలు: పరమహంస యోగానంద జీవితం

పాఠ పరిచయం

మీరు ఈ పుస్తకాన్ని ఎక్కడ కూర్చుని చదువుతున్నారు? బహుశా మీ ఇంట్లోనే. పగలంతా పొలంలోనో, దుకాణంలోనో, ఇంటిపనిలోనో గడిపి, తీరిక దొరికిన వేళ పుస్తకం తెరిచి ఉంటారు. మీ ఎదుట ఉపాధ్యాయుడు లేడు. పాఠమే మీకు ఉపాధ్యాయుడు. దూరంగా ఉన్నవారికి పాఠాలు రాసి పంపే ఈ పద్ధతిని మన దేశానికి చెందిన ఒక సన్యాసి 1920లలోనే అమెరికాలో యోగవిద్యను బోధించడానికి ఉపయోగించారు. ఆయనే పరమహంస యోగానంద.

యోగానంద పేరు మీరు విని ఉండవచ్చు. ఆయన ఆత్మకథ తెలుగులో ‘ఒక యోగి ఆత్మకథ’ అనే పేరుతో వెలువడింది. చాలామంది ఆయనను ఆధ్యాత్మిక గురువుగా మాత్రమే ఎరుగుదురు. కాని ఆయన ఒక పెద్ద సంస్థను నిర్మించి నడిపిన వ్యక్తి కూడా. ఆయన స్థలాలు కొన్నారు, పత్రిక నడిపారు, పుస్తకాలు ప్రచురించారు, అప్పుల భారం మోశారు, కోర్టు వ్యాజ్యాన్ని ఎదుర్కొన్నారు. సన్యాసికి ఇవన్నీ ఎందుకు? ఆధ్యాత్మిక విద్యకు రుసుము తీసుకోవచ్చా? ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నలను మనసులో ఉంచుకోండి.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• యోగానంద బాల్యం, విద్యాభ్యాసం గురించి చెప్పగలుగుతారు;
• ఆయన రాంచీలోను, అమెరికాలోను సంస్థలను ఎలా నిర్మించారో వివరించగలుగుతారు;
• తపాలా పాఠాల అవసరం ఎందుకు కలిగిందో కారణాలు చూపగలుగుతారు;
• ఆయన ఎదుర్కొన్న ఇబ్బందులను, విమర్శలను గుర్తించి, మీ సొంత అభిప్రాయం ఏర్పరచుకోగలుగుతారు.

1. చదువు మీద మనసు లేని బాలుడు

యోగానంద అసలు పేరు ముకుందలాల్ ఘోష్. 1893 జనవరి 5న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో నాలుగోవాడు. తండ్రి భగవతీచరణ్ ఘోష్ బెంగాల్-నాగపూర్ రైల్వేలో ఉన్నతోద్యోగి. మన వాల్తేరు వరకూ సాగిన రైల్వే అదే. భగవతీచరణ్ లెక్కల విషయంలో ఎంతో నిక్కచ్చి మనిషి. పొదుపరి. తనకు న్యాయంగా రావలసిన బోనసును కూడా అడిగి తీసుకోని నిరాడంబరుడు. తల్లి జ్ఞానప్రభ పేదలకు చేతికి ఎముక లేకుండా దానం చేసేది. డబ్బును జాగ్రత్త చేయడం, డబ్బును పంచిపెట్టడం అనే రెండు గుణాలనూ ముకుందుడు ఇంట్లోనే చూశాడు.

అతనికి పదకొండేళ్ళ వయసులో తల్లి హఠాత్తుగా మరణించింది. ఆ దుఃఖం అతని మనసును మరింతగా దైవచింతన వైపు తిప్పింది. హిమాలయాలకు పారిపోవాలని ప్రయత్నించి, హరిద్వారం వరకూ వెళ్ళి పట్టుబడ్డాడు. బడి చదువు మీద అతనికి ఆసక్తి ఉండేది కాదు.

1910లో, పదిహేడేళ్ళ వయసులో, కాశీలో ముకుందుడికి శ్రీయుక్తేశ్వర్ గిరి అనే గురువు లభించారు. కలకత్తాకు దగ్గరలోని శ్రీరాంపూర్‌లో ఆయన ఆశ్రమం ఉండేది. గురువు దొరికితే చదువు మానేయవచ్చని శిష్యుడు అనుకున్నాడు. కాని గురువు పెట్టిన మొదటి నియమం కాలేజీలో చేరమని! ఏదో ఒకనాడు పాశ్చాత్య దేశాలకు వెళ్ళవలసి వస్తుందని, అక్కడివారు పట్టభద్రుడి మాటను ఎక్కువ శ్రద్ధగా వింటారని గురువు అభిప్రాయం. శిష్యుడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఎక్కువ కాలం ఆశ్రమంలోనే గడిపి, పరీక్షల ముందు సహాధ్యాయి సాయంతో చదివి, 1915లో కలకత్తా విశ్వవిద్యాలయం బి.ఎ. పట్టా పొందాడు. అదే సంవత్సరం జూలైలో సన్యాసం స్వీకరించి స్వామి యోగానంద అయ్యారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చదువు అక్కరలేదనుకున్న ఆ యువకుడు తరువాత జీవితమంతా పాఠాలు రాయడంలో గడిపారు. అయిష్టంగా సంపాదించిన పట్టా ఆయనకు నిజంగానే ఉపయోగపడింది.

2. ఏడుగురు విద్యార్థులతో మొదలైన బడి

1917లో బెంగాల్‌లోని దిహిక అనే గ్రామంలో యోగానంద ఏడుగురు బాలురతో ఒక పాఠశాల ప్రారంభించారు. మరుసటి ఏడాది, అంటే 1918లో, కాశింబజారు మహారాజు మణీంద్రచంద్ర నంది రాంచీలోని తన భవనాన్ని, దాని చుట్టూ ఉన్న తోటను ఈ బడికి ఇచ్చారు. మామూలు పాఠ్యాంశాలతోపాటు వ్యవసాయం, చేతిపనులు, వ్యాపార విషయాలు కూడా అక్కడ నేర్పేవారు. తరగతులు చాలావరకు చెట్లనీడనే జరిగేవి. ధ్యానం, ఆసనాలు, శరీరంలోని ఒక్కొక్క కండరాన్నీ బిగించి వదిలే ‘యోగదా’ వ్యాయామాలు రోజువారీ కార్యక్రమంలో ఉండేవి.

బడికి మంచి పేరు వచ్చింది. మొదటి ఏడాది ముగిసేసరికి ప్రవేశం కోరుతూ రెండు వేల దరఖాస్తులు వచ్చాయని యోగానంద తన ఆత్మకథలో రాశారు. అక్కడ ఉండి చదువుకోవడానికి వీలున్నది మాత్రం సుమారు వందమందికే. మిగిలినవారి సంగతి ఏమిటి? ఇంటినుంచి వచ్చి చదువుకునే విద్యార్థులను కూడా చేర్చుకున్నారు. అయినా గోడలున్న బడికి ఒక పరిమితి ఉంటుంది. ఈ సమస్య ఆయనకు అమెరికాలో మరింత పెద్దదిగా ఎదురైంది.

పాఠ్యగత ప్రశ్నలు – 1
(అ) ముకుందుడిని కాలేజీలో చేరమని గురువు ఎందుకు చెప్పారు?
(ఆ) రాంచీ పాఠశాలకు భవనం ఇచ్చినవారు ఎవరు?

3. బోస్టన్ ప్రయాణం

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉదార మతవాదుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. దానికి భారతదేశ ప్రతినిధిగా యోగానందకు ఆహ్వానం అందింది. ప్రయాణానికి డబ్బు కావాలి. కొడుకు అంత దూరం వెళ్ళడం తండ్రికి మొదట ఇష్టం లేదు. తరువాత ఆయనే చెక్కు రాసి ఇచ్చారు. తండ్రిగా కాక, తన గురువు లాహిరీ మహాశయుల శిష్యుడిగా ఇస్తున్నానని చెప్పారు. శ్రీయుక్తేశ్వర్‌కు కూడా లాహిరీ మహాశయులే గురువు. ప్రాణశక్తి నియంత్రణ, ఏకాగ్రత ముఖ్యంగా ఉండే క్రియాయోగ సాధన ఆ పరంపరలోనిదే.

ఆగస్టులో కలకత్తాలో ‘సిటీ ఆఫ్ స్పార్టా’ అనే ఓడ ఎక్కి, సెప్టెంబరులో యోగానంద బోస్టన్ చేరారు. అక్టోబరు 6న మతాన్ని శాస్త్రదృష్టితో వివరిస్తూ ప్రసంగించారు. సభ ముగిసినా ఆయన తిరిగి రాలేదు. బోస్టన్ ప్రాంతంలోనే సుమారు నాలుగేళ్ళు చిన్న చిన్న బృందాలకు బోధించారు.

అది భారతీయులకు అమెరికాలో అనుకూలమైన కాలం కాదు. 1917 నాటి చట్టం ఆసియా నుంచి వలసలను చాలావరకు అడ్డుకుంది. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ అనే భారతీయుడి వ్యాజ్యంలో, భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పు చెప్పింది. కాషాయవస్త్రాలు, పొడవైన జుట్టుతో ఉన్న మనిషిని వీధిలో వింతగా చూసేవారు. అలాంటి చోట పరాయిదేశపు విద్యను నేర్పి మెప్పించడం ఎంత కష్టమో ఊహించండి.

4. కొండమీది పాత హోటలు

1924లో యోగానంద అమెరికా ఖండం ఈ కొసనుంచి ఆ కొసకు ప్రసంగ యాత్ర చేశారు. 1925 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరంలోని పెద్ద సభామందిరం నిండిపోయి, చోటు దొరకక వేలమంది వెనుదిరిగారు.

ఆ ఊళ్ళోనే మౌంట్ వాషింగ్టన్ అనే కొండమీద ఒక పాత హోటలు ఉంది. ఒకప్పుడు ధనికులు విడిది చేసిన ఆ భవనం అప్పటికి మూతపడి ఉంది. కొండమీదికి ప్రయాణికులను చేరవేసిన చిన్న రైలు కూడా 1919లోనే ఆగిపోయింది. అందరూ వదిలేసిన ఆ భవనాన్ని యోగానంద తన కేంద్రంగా ఎంచుకున్నారు. శిష్యుల విరాళాలతో, కొంత అప్పుతో దాన్ని కొని 1925 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిపారు. ఆయన స్థాపించిన సెల్ఫ్ రియలైజేషన్ ఫెలోషిప్ సంస్థకు నేటికీ అదే ప్రధాన కార్యాలయం. ఆ సంవత్సరమే ‘ఈస్ట్-వెస్ట్’ అనే పత్రికను కూడా ప్రారంభించారు.

డబ్బు ఎలా వచ్చేది? ఊరూరా మొదట ఉచిత ప్రసంగాలు ఇచ్చేవారు. వాటికోసం వార్తాపత్రికలలో ఆయన ఛాయాచిత్రంతో ప్రకటనలు వేసేవారు. ఆసక్తి ఉన్నవారు రుసుము చెల్లించి తరగతుల్లో చేరేవారు. ఆ సొమ్ము హాలు అద్దెలకు, ప్రయాణాలకు, ప్రకటనలకు, కొండమీది భవనం ఖర్చులకు పోయేది. సన్యాసి ప్రకటనలు వేయించడమేమిటని ఆక్షేపించినవారు ఉన్నారు. తెలియని దేశంలో పదిమందికీ తెలియాలంటే అక్కడివారికి అలవాటైన మార్గంలోనే చెప్పాలన్నది ఆయన అనుసరించిన పద్ధతి.

5. ఇంటికి చేరిన పాఠాలు

ఒక ఊళ్ళో తరగతులు పూర్తికాగానే గురువు మరో ఊరికి వెళ్ళిపోయేవారు. తరువాత ఆ విద్యార్థుల పరిస్థితి ఏమిటి? యోగసాధన నాలుగు రోజుల ఉత్సాహంతో అయ్యేది కాదు. రోజూ చేయాలి. సందేహాలు వస్తాయి. పక్కన చెప్పేవారు లేకపోతే చాలామంది మధ్యలోనే మానేస్తారు. స్వయంగా చదువుకునే మీకు ఈ ఇబ్బంది అనుభవంలోనే ఉంటుంది.

ఆ రోజుల్లో అమెరికాలో తపాలా ద్వారా గణకశాస్త్రం, యంత్రవిద్య వంటివి నేర్పే సంస్థలు చాలా ఉండేవి. పగలు పనిచేసే కార్మికులు రాత్రిపూట ఆ పాఠాలు చదువుకునేవారు. యోగానంద ఇదే పద్ధతిని యోగవిద్యకు అన్వయించారు. తరగతుల్లో చెప్పిన విషయాలను క్రమంగా పాఠాలుగా కూర్చి, చందా కట్టినవారికి తపాలాలో పంపే ఏర్పాటు చేశారు. 1930లలో ఈ పాఠాలు మరింత పద్ధతిగా, వారం వారం చదువుకోవడానికి వీలుగా తయారయ్యాయి. తేలికైన వ్యాయామాలు, ఏకాగ్రత, ధ్యానం మెట్లుమెట్లుగా నేర్చుకున్న తరువాతే క్రియాయోగ దీక్షకు అర్హత లభించేది.

దీనివల్ల మూడు ప్రయోజనాలు కలిగాయి. మొదటిది, ఏ మారుమూల ఊరివారైనా విద్యార్థులు కాగలిగారు. రెండవది, గురువు లేనప్పుడు కూడా బోధన ఆగలేదు. మూడవది, ప్రసంగాల రాబడిలా ఎక్కువ తక్కువలు కాకుండా సంస్థకు కొంత నిలకడైన ఆదాయం ఏర్పడింది. రాంచీ బడి గోడల మధ్య ఇమడని విద్యార్థులకు ఇక్కడ చోటు దొరికింది.

పాఠ్యగత ప్రశ్నలు – 2
(అ) మౌంట్ వాషింగ్టన్ భవనం అంతకుముందు ఏమిటి?
(ఆ) తపాలా పాఠాలవల్ల కలిగిన రెండు ప్రయోజనాలు రాయండి.

6. అప్పులు, అవమానాలు

1927లో యోగానంద వైట్‌హౌస్‌లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌ను కలుసుకున్నారు. అది గౌరవం. మరుసటి ఏడాదే అవమానం ఎదురైంది. 1928లో మయామీ నగరంలో కొందరు బెదిరింపులకు దిగడంతో, పోలీసు అధికారి బెదిరించినవారిని అడ్డుకోవడానికి బదులు ఆయన ప్రసంగాలనే నిషేధించారు.

1929లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. బాల్యమిత్రుడు స్వామి ధీరానంద మౌంట్ వాషింగ్టన్ కేంద్రం బాధ్యతలు చూసేవారు. ఇద్దరికీ విభేదాలు వచ్చాయి. ధీరానంద సంస్థను వదిలి వెళ్ళారు. తన సేవలకు రావలసిన సొమ్ము కోసం యోగానంద చేత రాయించుకున్న ప్రామిసరీ నోటు ఆధారంగా 1935లో కోర్టులో దావా వేశారు. ఆయన తరువాత బసుకుమార్ బాగ్చీ అనే తన అసలు పేరుతో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడులోని విద్యుత్ తరంగాలపై పరిశోధనలు చేశారు. కాబట్టి ఈ తగాదాలో ఒకరు మంచివారు, మరొకరు చెడ్డవారు అని తేల్చడం సులభం కాదు. కలిసి కట్టిన సంస్థలో ఎవరి శ్రమకు ఎంత విలువ అన్న ప్రశ్న స్నేహితులను కూడా విడదీస్తుంది. మీరు ఏ సంఘంలోనో, భాగస్వామ్య వ్యాపారంలోనో ఉంటే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది.

1929 చివర అమెరికాలో గొప్ప ఆర్థిక మాంద్యం మొదలైంది. ఉద్యోగాలు పోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి. విరాళాలు, రుసుములు తగ్గాయి. కొండమీది భవనంపై తాకట్టు అప్పు అలాగే ఉంది. ఆ పరిస్థితిలో 1932లో కాన్సాస్ సిటీకి చెందిన బీమా వ్యాపారి జేమ్స్ లిన్ శిష్యుడయ్యారు. సంపద ఉన్నా మనశ్శాంతి లేక బాధపడుతున్న ఆయనకు ధ్యానం ఉపకరించింది. సంస్థను అప్పులనుంచి బయటపడవేసింది ముఖ్యంగా ఆయన సాయమే.

1935 మార్చిలో యోగానంద తన సంస్థను కాలిఫోర్నియా చట్టప్రకారం లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరు చేయించారు. ఆస్తులు సంస్థ పేరిట ఉంటాయి. లాభం పంచుకునే వాటాదారులు ఉండరు. వచ్చిన ఆదాయం సంస్థ పనులకే ఖర్చు కావాలి. వ్యాపారానికీ, ఇలాంటి సంస్థకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

7. పదిహేనేళ్ళ తరువాత స్వదేశంలో

1935 ఆగస్టులో యోగానంద ఓడలో బొంబాయి చేరారు. వార్ధాలో గాంధీజీని కలిసి, ఆయనకూ కొందరు ఆశ్రమవాసులకూ క్రియాయోగం నేర్పారు. దక్షిణాదిన తిరువణ్ణామలైలో రమణ మహర్షిని దర్శించారు. శ్రీయుక్తేశ్వర్ తన శిష్యుడికి ‘పరమహంస’ బిరుదు ఇచ్చింది ఈ పర్యటనలోనే.

రాంచీ బడి అప్పటికి ఆర్థికంగా దిగజారి ఉంది. అండగా నిలిచిన మహారాజు 1929లోనే మరణించారు. యోగానంద తన తండ్రి ఇచ్చిన డబ్బుతో, అమెరికా శిష్యుల విరాళాలతో ఆ స్థలాన్ని సంస్థకు సొంతం చేశారు. పరాయిదేశంలో పాఠాల మీద నిర్మించిన సంస్థ ఇలా స్వదేశంలోని బడిని నిలబెట్టింది.

1936 మార్చి 9న పూరీలో శ్రీయుక్తేశ్వర్ మరణించారు. యోగానంద చేరేసరికి గురువు ప్రాణాలతో లేరు. పదిహేనేళ్ళు గురువు చెప్పిన పనిమీదే దూరంగా ఉండి, చివరి క్షణంలో దగ్గర లేకపోయానన్న బాధ ఆయనను కలచివేసింది. గొప్పపనికి చెల్లించవలసిన మూల్యం ఒక్కొక్కసారి డబ్బు రూపంలో ఉండదు.

8. చివరి సంవత్సరాలు

1936 చివర యోగానంద అమెరికా తిరిగి వెళ్ళారు. ఎన్సినీటస్ అనే ఊళ్ళో సముద్రపు ఒడ్డున జేమ్స్ లిన్ ఆయనకోసం ఒక ఆశ్రమం కట్టించి ఉంచారు. అక్కడ నిర్మించిన ఆలయం ఒడ్డు కోసుకుపోవడంతో 1942లో కూలిపోయింది. అదే సంవత్సరం హాలీవుడ్‌లో, మరుసటి ఏడాది శాన్ డియేగోలో ఆలయాలు ప్రారంభించారు. 1946లో ఆయన ఆత్మకథ న్యూయార్క్‌లో ప్రచురితమైంది. తరువాతి కాలంలో ఎన్నో భాషల్లోకి అనువాదమైంది. ఆపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ (1955–2011) మళ్ళీ మళ్ళీ చదివిన పుస్తకం అది.

1946లోనే అమెరికా చట్టం మారి, భారతీయులు పౌరసత్వం కోరడానికి వీలు కలిగింది. 1949లో యోగానంద అమెరికా పౌరులయ్యారు. 1950 ఆగస్టు 20న లాస్ ఏంజిలిస్ సమీపంలో ఒక సరస్సు ఒడ్డున లేక్ ష్రైన్ ప్రారంభించారు. అక్కడి గాంధీ స్మారకంలో మహాత్ముని అస్థికల్లో కొంత భాగాన్ని భద్రపరిచారు. 1951లో హాలీవుడ్‌లో ఇండియా హాలు, శాకాహార భోజనశాల మొదలయ్యాయి.

1952 మార్చి 7న లాస్ ఏంజిలిస్‌లోని ఒక హోటల్లో భారత రాయబారి వినయ్ రంజన్ సేన్ గౌరవార్థం విందు జరిగింది. ఆ సభలో ప్రసంగం ముగించగానే యోగానంద కుప్పకూలి మరణించారు. అప్పటికి ఆయన వయసు 59 సంవత్సరాలు.

9. ఆయన తరువాత

నాయకుడు పోయాక ఎన్నో సంస్థలు మూతపడతాయి. ఈ సంస్థ నిలిచింది. మొదట జేమ్స్ లిన్, ఆయన మరణానంతరం 1955 నుంచి 2010 వరకు దయామాత అధ్యక్ష బాధ్యతలు నిర్వహించారు. గురువు లేకపోయినా పాఠాలు ఉన్నాయి, వాటిని అచ్చువేసి పంపే కార్యాలయం ఉంది, ఆస్తులు సంస్థ పేరిట ఉన్నాయి. అందుకే పని ఆగలేదు. 1977లో భారత ప్రభుత్వం యోగానంద స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. తపాలాను నమ్ముకుని విద్య పంచిన మనిషికి అది తగిన గౌరవమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆధ్యాత్మిక విద్యకు రుసుము తీసుకోవచ్చా? కూడదనేవారి మాటలో న్యాయం ఉంది. రుసుము కట్టలేనివారు దూరమవుతారు. డబ్బు చేరినచోట తగాదాలూ చేరతాయి. యోగానంద జీవితమే అందుకు సాక్ష్యం. కాని కాగితం, అచ్చు, తపాలా ఖర్చులు ఎవరో ఒకరు భరించక తప్పదు. కాబట్టి డబ్బు తీసుకున్నారా లేదా అన్నదానికంటే, ఆ డబ్బు చివరికి ఎక్కడికి చేరింది, దానితో ఎవరికి మేలు జరిగింది అన్నదే అసలు పరీక్ష. ఈ పరీక్షను మీకు తెలిసిన ఏ సంస్థకైనా, ఏ గురువుకైనా పెట్టి చూడండి.

మీరు నేర్చుకున్నది

• యోగానంద 1893లో గోరఖ్‌పూర్‌లో జన్మించి, 1915లో పట్టభద్రులై సన్యాసం స్వీకరించారు.
• 1917లో ఏడుగురు విద్యార్థులతో బడి ప్రారంభించారు. 1918లో అది రాంచీకి మారింది.
• 1920లో అమెరికా వెళ్ళి, 1925లో లాస్ ఏంజిలిస్‌లో ప్రధాన కేంద్రం నెలకొల్పారు.
• తరగతులకు రాలేనివారికి తపాలా పాఠాల ద్వారా యోగవిద్య అందించారు.
• 1935లో తన సంస్థను లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరు చేయించారు. 1952లో మరణించారు.

పాఠాంత ప్రశ్నలు

1. రాంచీ పాఠశాల ఎదుర్కొన్న పరిమితికీ, అమెరికాలో తపాలా పాఠాలకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. 1928 నుంచి 1935 వరకు యోగానంద ఎదుర్కొన్న ఇబ్బందులను సొంత మాటల్లో రాయండి.
3. వ్యాపార సంస్థకూ, లాభాపేక్ష లేని సంస్థకూ గల తేడా ఏమిటి? మీ ఊరిలోని ఒక ఉదాహరణతో చెప్పండి.
4. విద్యకు రుసుము తీసుకోవడం గురించి మీ అభిప్రాయాన్ని పదిహేను వాక్యాలకు మించకుండా రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) పాశ్చాత్య దేశాలవారు పట్టభద్రుడి మాటను ఎక్కువ శ్రద్ధగా వింటారని. (ఆ) కాశింబజారు మహారాజు మణీంద్రచంద్ర నంది.
2. (అ) మూతపడిన పాత హోటలు. (ఆ) మారుమూల ఊళ్ళవారు కూడా నేర్చుకోగలిగారు. గురువు లేనప్పుడు కూడా బోధన సాగింది. (నిలకడైన ఆదాయం అని రాసినా సరైనదే.)